ఎఫ్‌జీఎఫ్-2 తయారీ డైరీ: ఒక లీటరు కల్చర్, 14 మిల్లీగ్రాములు

జూన్ 9

జీన్ ఈరోజు చేతికొచ్చింది. చిటికెన వేలంత ట్యూబు, అడుగున కనిపించీ కనిపించనట్టు ఒక తెల్లటి పొర. 4 మైక్రోగ్రాముల ప్లాస్మిడ్, అంటే బ్యాక్టీరియాలోకి జీన్‌ను మోసుకెళ్లే గుండ్రటి డీఎన్‌ఏ. మనిషి శరీరంలో ఉండే, కణాలను పెరగమని చెప్పే ఎఫ్‌జీఎఫ్-2 ప్రోటీన్ కోడ్ మొత్తం అందులో ఉంది. 155 అమైనో ఆమ్లాల వరుసను అలాగే ఉంచి, కోడాన్లు (ఒక్కో అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల డీఎన్‌ఏ మాటలు) మాత్రం ఇ. కోలై బ్యాక్టీరియాకి అలవాటైనవి ఉండేలా రాయించాం.

మా ల్యాబ్‌లో మనిషి స్టెమ్ సెల్స్ పెంచుతాం. వాటికి పోసే ఇ8 మీడియం అనే పోషక ద్రవంలో లీటరుకి 100 మైక్రోగ్రాముల ఎఫ్‌జీఎఫ్-2 ఉండాలి. అది తగ్గితే కాలనీల అంచులు చెదిరిపోతాయి, సెల్స్ స్టెమ్ సెల్స్‌లా ఉండడం మానేసి ఎటో ఒక దారి పట్టేస్తాయి. ఇన్నాళ్లూ బయటి దేశం నుంచి చిన్న చిన్న వయల్స్ తెప్పించుకున్నాం. ఏప్రిల్‌లో వచ్చిన పార్సెల్ దారిలో ఎక్కడో ఆగి, డ్రై ఐస్ అంతా ఆవిరైపోయి గోరువెచ్చగా మా చేతికి చేరింది. వాడక తప్పలేదు. నాలుగు నెలలుగా పెంచుకుంటున్న లైన్ పది రోజుల్లో పాడైపోయింది. ఆ ప్లేట్లను పారేసిన రోజు మేడమ్ అడిగారు, "మనమే చేసుకోలేమా?" అని.

చేసుకోగలం అనే నా నమ్మకం. ఈ ప్రోటీన్‌కి చక్కెర గొలుసులు తగిలించాల్సిన పని లేదు, లోపల సల్ఫర్ వంతెనలూ ఉండవు. కాబట్టి ఇ. కోలై సరిపోతుంది. అన్ని ప్రోటీన్లకూ ఇంత సులువు కాదు. మన హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాకి ఈస్ట్ కణాలు వాడారు. డిగ్రీలో మా లెక్చరర్ ఆ సంగతి చెప్పిన రోజే నాకు ఈ రంగం మీద మనసు పడింది.

జూన్ 13

బయోసేఫ్టీ కమిటీ కాగితాలు పూర్తయ్యాయి. ప్లాస్మిడ్‌ను బీఎల్21 డీఈ3 అనే ఇ. కోలై రకంలోకి ఎక్కించాను. ఇందులో లాన్, ఓంప్-టీ అనే రెండు ప్రోటియేజ్ ఎంజైములు ఉండవు, అందుకని తయారైన ప్రోటీన్‌ను అదే కొరుక్కుతినే బెడద తక్కువ.

ప్రోటీన్‌ను పట్టుకుని వేరుచేయడానికి ట్యాగ్ అనే తోక పెట్టాలా వద్దా అని రెండు రోజులు చర్చ నడిచింది. ఆరు హిస్టిడిన్లు తగిలించి నికెల్ పూసల మీద పట్టుకోవడం అందరూ చేసే పద్ధతి. నేను వద్దన్నాను. ఈ ప్రోటీన్‌కి పుట్టుకతోనే ఒక పిడి ఉంది, అది హెపారిన్ అనే చక్కెర గొలుసును గట్టిగా పట్టుకుంటుంది. 1974లో గోస్పొదరోవిచ్ ఆవు పిట్యూటరీ గ్రంథుల్లో ఫైబ్రోబ్లాస్ట్‌లను పెంచే ఈ పదార్థాన్ని చూపించాక, దాన్ని శుద్ధి చేయడం చాలా ఏళ్లు పెద్ద తలనొప్పిగానే ఉండిపోయింది. 1984లో షింగ్, ఫోక్‌మన్, క్లాగ్స్‌బ్రన్ బృందం ఇలాంటి గ్రోత్ ఫ్యాక్టర్‌నే హెపారిన్ పూసల మీదుగా పంపితే, మిగతా సరుకంతా ముందే కిందికి జారిపోయి, అదొక్కటీ బాగా ఉప్పగా ఉన్న బఫర్ పోసేదాకా వదల్లేదు. అంత మంచి పిడి ఉండగా ట్యాగ్ పెట్టడం, మళ్లీ దాన్ని కత్తిరించడం, కత్తిరించిన ఎంజైమును మళ్లీ తీసేయడం ఎందుకు? చివరికి మేడమ్ సరేనన్నారు.

ఇంకో సూచన కూడా వచ్చింది. 2018లో చెక్ దేశపు బృందం ఒకటి ఈ ప్రోటీన్‌లో తొమ్మిది మార్పులు చేసి, 37 డిగ్రీల దగ్గర దాని అర్ధాయువును 10 గంటల నుంచి 20 రోజులు దాటించింది. అది చేసుకుంటే రోజూ మీడియం మార్చే బాధ తప్పుతుంది. కానీ మా పాత డేటా అంతా సహజ రూపంతో వచ్చింది. ముందు సహజమైనదే చేద్దాం.

జూన్ 20

చిన్న ట్రయల్. పాలకి తోడు వేసినట్టు రాత్రి పెంచిన స్టార్టర్‌ను కొంచెం కొంచెం 50 మి.లీ. మీడియంలో వేశాను. కల్చర్ ఎంత చిక్కబడిందో చెప్పే ఓడీ 0.7కి రాగానే, ప్రోటీన్ తయారీ మొదలుపెట్టించే ఐపీటీజీ కలిపి ఒక ఫ్లాస్కును 37 డిగ్రీల్లో నాలుగు గంటలు, ఇంకోదాన్ని 20 డిగ్రీల్లో రాత్రంతా తిప్పాను.

ప్రోటీన్లను బరువును బట్టి విడదీసే జెల్ మీద రెండింటిలోనూ మా ప్రోటీన్ బరువైన 18 కిలోడాల్టన్ల దగ్గర కొత్త బ్యాండ్. కూమాసీ అనే నీలం రంగు కరిగే కొద్దీ అది ఒక్కటే ముదురుగా మిగిలింది. చూడగానే గుండె కొట్టుకుంది, నిజం. కానీ సెల్స్ పగలగొట్టి సెంట్రిఫ్యూజ్ చేసి చూస్తే 37 డిగ్రీల ఫ్లాస్కులో సగానికి పైగా అడుగున దిగిన పెల్లెట్‌లోకి పోయింది, అంటే సరిగా ముడుచుకోక గుట్టలు కట్టింది. 20 డిగ్రీలదాంట్లో ఎక్కువ భాగం పైన తేటగా ఉండే సూపర్‌నేటెంట్‌లోనే ఉంది. ఇక మీదట 20 డిగ్రీలే.

జూన్ 27

మొదటి లీటరు. మంచి పోషకాలున్న టెర్రిఫిక్ బ్రాత్‌లో 11 గ్రాముల తడి పెల్లెట్ వచ్చింది. ఐసులో పెట్టి, శబ్ద తరంగాలతో సెల్స్ పగిలేలా సోనికేట్ చేశాను. 0.15 మోలార్ ఉప్పు, పీహెచ్ 7.5 ఫాస్ఫేట్ బఫర్. స్పిన్ చేసి సూపర్‌నేటెంట్‌ను హెపారిన్ పూసలు నింపిన 5 మి.లీ. కాలమ్ మీద పోశాను.

2 మోలార్ ఉప్పుతో దింపిన ఫ్రాక్షన్లలో దాదాపు ఏమీ లేదు.

కాలమ్ కిందికి జారిన ఫ్లో-త్రూ సీసాను సింక్ దగ్గరికి తీసుకెళ్తుంటే మా టెక్నీషియన్ అన్న ఆపాడు. "తమ్మీ, జర ఆగు. జెల్ మీద చూడకుండ ఏదీ పారబొయ్యకు." ఆయన ఈ ల్యాబ్‌లో నాకంటే చాలా ముందు నుంచీ ఉన్నాడు. సీసాను తిరిగి కోల్డ్ రూములో పెట్టి ఇంటికి పోయాను, నిద్ర పట్టలేదు.

జూన్ 30

అన్న మాట వినడం వల్ల ఒక లీటరు పని దక్కింది. జెల్‌లో ఫ్లో-త్రూ వరుస చూస్తే 18 దగ్గర లావుపాటి బ్యాండ్. ప్రోటీన్ ఎక్కడికీ పోలేదు, హెపారిన్‌ను మాత్రం పట్టుకోలేదు.

ఎందుకు పట్టుకోలేదో స్పెక్ట్రోఫోటోమీటర్ చెప్పింది. శుద్ధమైన ప్రోటీన్ అయితే 260, 280 నానోమీటర్ల రీడింగుల నిష్పత్తి 0.6 దగ్గర ఉండాలి. మాది 1.8. అది డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల లెక్క. ఎఫ్‌జీఎఫ్-2 బాగా పాజిటివ్ చార్జ్ ఉన్న ప్రోటీన్, దాని ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (చార్జ్ సున్నా అయ్యే పీహెచ్) 9.6 ప్రాంతంలో ఉంటుంది. హెపారిన్ అంటే నిండా నెగెటివ్ చార్జ్ ఉన్న పొడవాటి గొలుసు. డీఎన్‌ఏ కూడా అంతే. బ్యాక్టీరియా పగిలిన క్షణంలో బయటపడే డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ పోగులు మా ప్రోటీన్‌ను ముందే వాటేసుకున్నాయి. ఇక పూసల కోసం చెయ్యి ఖాళీగా లేదు.

సీనియర్ అక్కతో కూర్చుని క్రమం మార్చాం. ముందు తక్కువ ఉప్పులోనే మెగ్నీషియం, డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలను ముక్కలు చేసే న్యూక్లియేజ్ ఎంజైము వేసి 30 నిమిషాలు ఉంచాలి, ఎందుకంటే ఉప్పు ఎక్కువైతే ఆ ఎంజైము సరిగా పనిచేయదు. పోగులు ముక్కలయ్యాక ఉప్పును 0.6 మోలార్‌కి పెంచాలి. ఆ ఉప్పులో డీఎన్‌ఏ ముక్కల పట్టు సడలుతుంది, హెపారిన్ పట్టు మాత్రం సడలదు. అప్పుడే స్పిన్, అప్పుడే కాలమ్.

దాచిన ఫ్లో-త్రూకి ఇదే వైద్యం చేసి మళ్లీ పోశాను. దిగింది. 4 మిల్లీగ్రాములు. మూడు రోజులు పాతబడిన సరుకు కాబట్టి వాడను, కానీ దారి దొరికింది.

జూలై 5

రాత్రి వానకి కరెంటు పోయి షేకర్ రెండు గంటలు ఆగింది. గాలి అందని కల్చర్ పుల్లటి వాసన వేస్తోంది. మొత్తం బ్లీచ్ చేసి పారబోశాను. ఈ వారం అంతే.

జూలై 11

రెండో లీటరు. లైసేట్ (సెల్స్ పగలగొట్టిన ద్రవం) ఈసారి చేత్తో ఊపితేనే తేడా తెలిసింది. జూన్‌లో అది గంజిలా సాగింది, పిపెట్ కొన నుంచి తీగలా వేలాడింది. ఈరోజు న్యూక్లియేజ్ వేసిన 20 నిమిషాలకే నీళ్లలా పలచబడింది.

కాలమ్ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. 0.6 మోలార్ బఫర్‌తో కడిగితే మొదట్లో పచ్చగా, తర్వాత తేటగా కిందికి వచ్చింది. 1 మోలార్‌తో మరోసారి కడిగి, ఆఖర్న 2 మోలార్ పోశాను. ప్రతి మిల్లీలీటరునూ వేరే ట్యూబులో పట్టి, ఒక్కో దాన్నుంచి 10 మైక్రోలీటర్లు తీసి ప్లేటులోని, ప్రోటీన్ తగిలితే నీలంగా మారే బ్రాడ్‌ఫర్డ్ ద్రావణంలో వేస్తూ పోయాను. ఒకటి, రెండు, మూడు గోధుమరంగులోనే ఉన్నాయి. నాలుగోది వేయగానే ప్లేటు బావి (చిన్న గుంట) అడుగు నుంచి నీలం లేచింది. ఐదు, ఆరు ఇంకు పోసినట్టు నీలం. పదోదానికి మళ్లీ గోధుమరంగు. గంట పాటు ఆ ప్లేటును బెంచ్ మీద అందరికీ చూపించాను.

17 మిల్లీగ్రాములు. జెల్ మీద ఒకే బ్యాండ్, పక్కన దుమ్మంత మరక కూడా లేదు.

జూలై 14

ఆ 17లో ఇవాళ 6 మిగిలాయి.

2 మోలార్ ఉప్పుతో సెల్స్ మీద పోయలేం కదా, అందుకని ఉప్పు బయటికి పోయి ప్రోటీన్ లోపలే ఉండే డయాలసిస్ సంచిలో పోసి రాత్రంతా మామూలు ఫాస్ఫేట్ బఫర్‌లో వేలాడదీశాను. ఉదయం సంచిని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే లోపల తెల్లటి పోగులు నెమ్మదిగా తిరుగుతున్నాయి, పాలు విరిగినప్పుడు గిన్నెలో తేలేలాంటివి. ప్రోటీన్ గడ్డకట్టి దిగిపోయింది. శుక్రవారం సాయంత్రం అంత సంబరపడ్డ నాకు కాసేపు మాట రాలేదు.

అక్క ఒకటే అడిగింది. "నువ్వు జెల్‌లో ఎప్పుడూ డీటీటీ వేసే మరగబెడుతున్నావు కదా? అది లేకుండా ఒకసారి నడిపి చూడు."

డీటీటీ సల్ఫర్ వంతెనలను తెంపేస్తుంది. అది లేకుండా నడిపాను. అక్కడ కనిపించింది అసలు బొమ్మ. 18 దగ్గర బ్యాండ్ ఉంది, 36 దగ్గర ఇంకోటి, 54 దగ్గర సన్నగా ఇంకోటి, ఆపైన జెల్ అంచు దాకా మరక. డీటీటీ వేసిన వరుసలో అవన్నీ కలిసి మళ్లీ ఒక్క 18 అయిపోతున్నాయి. నేను శుభ్రంగా ఉందని మురిసిపోయిన జెల్ ఈ సంగతిని ఇన్నాళ్లూ దాచేసింది.

ఈ ప్రోటీన్‌లో సిస్టీన్లు, అంటే సల్ఫర్ ఉండే అమైనో ఆమ్లాలు, నాలుగు ఉన్నాయి. వాటిలో రెండు పైపొరలో బయటికి తెరుచుకుని ఉంటాయి. మన కణం లోపల అయితే పరవాలేదు, అక్కడి వాతావరణం ఆక్సీకరణ జరగనివ్వదు. డయాలసిస్ బీకరులో గాలి తగులుతూ రాత్రంతా ఉంటే ఒక అణువు సిస్టీన్ పక్క అణువు సిస్టీన్‌తో ముడిపడిపోతుంది. రెండు మూడై, మూడు ముప్పై అయి, చివరికి పోగులు. ఉప్పు తగ్గడం దానికి తోడైంది.

కొందరు ఆ రెండు సిస్టీన్లను సెరీన్లుగా మార్చేస్తారు. మేం సహజ రూపమే కావాలనుకున్నాం కాబట్టి బఫర్‌తోనే కాపాడుకోవాలి. కాలమ్ నుంచి ఫ్రీజర్ దాకా ప్రతి బఫర్‌లో అప్పటికప్పుడు కలిపిన 1 మిల్లీమోలార్ డీటీటీ. న్యూక్లియేజ్ పని అయిపోయాక లోహాలను పట్టేసుకునే ఈడీటీఏ, ఎందుకంటే రాగి, ఇనుము జాడ ఉన్నా ఆక్సీకరణ వేగం పెరుగుతుంది. ఉప్పు 0.5 మోలార్ కంటే కిందికి దించకూడదు. మీడియంలో వెయ్యి రెట్లకు పైగా పలచబడుతుంది కాబట్టి ఆ ఉప్పు, ఆ డీటీటీ సెల్స్‌ని ఏమీ చేయవు.

జూలై 20

బోనాల ఆదివారం. పాతబస్తీ వైపు దారులన్నీ మూసేశారు, చుట్టూ తిరిగి ల్యాబ్‌కి వచ్చేసరికి పదకొండు. మూడో లీటరు పెల్లెట్ ఫ్రీజర్‌లో ఉంది. కాలమ్ శుభ్రం చేసి, బఫర్లన్నీ కలిపి, సాయంత్రం అన్న వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. వాళ్లమ్మ "పొద్దంత ఏం జేస్తవు బిడ్డా అక్కడ" అని అడిగితే, మనిషి ఒంట్లో ఉండే మందులాంటి పదార్థాన్ని సూక్ష్మజీవుల చేత చేయిస్తున్నాం అని చెప్పాను. ఆమె అన్నం పెడుతూ, "మంచి పనే" అంది.

జూలై 24

మూడో లీటరు. హెపారిన్ దగ్గర 19 మిల్లీగ్రాములు, డయాలసిస్ తర్వాత 16. సంచి గాజులా తేటగా ఉంది. డీటీటీ లేని జెల్‌లో కూడా 18 దగ్గర ఒక్కటే బ్యాండ్.

లెక్క 280 నానోమీటర్ల రీడింగుతో కట్టాను. ఈ ప్రోటీన్‌లో ఒక ట్రిప్టోఫాన్, ఏడు టైరోసిన్లు ఉన్నాయి, దాన్ని బట్టి మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము ఉంటే రీడింగు 0.93 దాకా రావాలి. 260, 280 నిష్పత్తి 0.58. ఈసారి డీఎన్‌ఏ పీడ లేదు.

జూలై 29

ఎండోటాక్సిన్. ఇ. కోలై పైపొరలో ఉండే ఎల్‌పీఎస్ అనే ఈ పదార్థం ఎంత కొంచెం ఉన్నా సెల్స్ బెదిరిపోతాయి. అది నెగెటివ్, మా ప్రోటీన్ పాజిటివ్, కాబట్టి వద్దన్నా అంటుకునే వస్తుంది. సరుకును మళ్లీ హెపారిన్ మీద పట్టి, కోల్డ్ రూములో 0.1 శాతం ట్రైటన్ ఎక్స్-114 అనే డిటర్జెంట్ కలిపిన బఫర్‌తో కాలమ్ పరిమాణానికి 30 రెట్లు కడిగాను, తర్వాత ట్రైటన్ పోయేదాకా ఉత్త బఫర్‌తో ఇంకో 20 రెట్లు. ప్రోటీన్ పూసల మీద ఉండిపోతుంది, ఎల్‌పీఎస్ ట్రైటన్‌తో పాటు కొట్టుకుపోతుంది.

పరీక్షకి వాడే కిట్ గుర్రపునాడా పీత రక్తం నుంచి తయారవుతుంది. ఆ పీతల్లో రెండు రకాలు మన తూర్పు తీరంలో, ఒడిశా వైపు ఇప్పటికీ ఒడ్డుకొస్తాయి. ఎండోటాక్సిన్ తగలగానే వాటి రక్తం గడ్డకడుతుంది. కిట్ తెరిచిన ప్రతిసారీ ఆ జీవి గుర్తొస్తుంది, ఒక్క బావి కూడా వృథా చేయబుద్ధి కాదు.

కడగకముందు శాంపిల్ కొలత దాటిపోయింది. కడిగాక మేం పెట్టుకున్న హద్దు కంటే బాగా తక్కువ. ఫిల్టర్ చేశాక చేతిలో 14 మిల్లీగ్రాములు.

ఆగస్టు 5

సెల్స్ మీద మొదటి పరీక్ష. ఎలుక ఫైబ్రోబ్లాస్ట్‌లు, ఎన్ఐహెచ్ 3టీ3. ఒక రోజు సీరం లేకుండా ఆకలితో ఉంచి, ఎఫ్‌జీఎఫ్-2ను రకరకాల పలచదనాల్లో వేసి, 48 గంటల తర్వాత రెజజురిన్ కలిపాను. సెల్స్ పెరిగిన బావుల్లో నీలం గులాబీ రంగుకి తిరగాలి. పక్కనే పోలికకి, కొన్న వయల్ ఆఖరిది.

కొన్న వయల్ వరుస అందంగా గులాబీ నుంచి నీలానికి మెట్లు మెట్లుగా దిగింది. నా వరుసలో మొదటి రెండు బావులు తప్ప అన్నీ నీలమే.

చాలా కుంగిపోయాను. జెల్ బాగుంది, నిష్పత్తి బాగుంది, ఎండోటాక్సిన్ లేదు. అయినా ప్రోటీన్ చచ్చిపోయిందా?

ఆగస్టు 7

చచ్చిపోలేదు. గోడలకి అంటుకుంది.

కొన్న వయల్‌ను దానితో వచ్చిన సూచనల ప్రకారం 0.1 శాతం బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రోటీన్) కలిపిన బఫర్‌లో పలచబరిచాను. నాదాన్ని అలవాటుగా ఉత్త మీడియంలో పలచబరిచాను. మిల్లీలీటరుకి కొన్ని నానోగ్రాములే ఉన్నప్పుడు ఇంత చార్జ్ ఉన్న జిగురు ప్రోటీన్ ప్లాస్టిక్ ట్యూబు గోడకి, పిపెట్ కొనకి అతుక్కుపోతుంది. ఒక ట్యూబు నుంచి ఇంకో ట్యూబుకి మారిన కొద్దీ సగం సగం పోతూ వచ్చింది. బీఎస్‌ఏ ఉంటే ముందు అదే గోడంతా పరుచుకుని మనదానికి చోటు లేకుండా చేస్తుంది.

డీఎన్‌ఏ పోగులకి ఒకసారి, గాలికి ఒకసారి, ఇప్పుడు ప్లాస్టిక్‌కి. ఈ డైరీలో ప్రతి పేజీ కుడి పక్కన "ఎంత మిగిలింది" అని ఒక గడి గీసుకున్నాను. మొదటి రోజు నుంచే గీసుకోవాల్సింది.

ఆగస్టు 12

బీఎస్‌ఏతో మళ్లీ పెట్టాను. రెండు వరుసలూ పక్కపక్కనే ఒకేలా దిగాయి. సగం పెరుగుదలకి కావాల్సిన మోతాదు కొన్నదానికి మిల్లీలీటరుకి 0.5 నానోగ్రాములు, మాదానికి 0.6. మూడు ప్లేట్లలో ఇదే. ప్లేటును తెల్ల కాగితం మీద పెట్టి ఫొటో తీసి మేడమ్‌కి పంపాను. "స్టెమ్ సెల్స్ మీద రేపే మొదలుపెట్టు" అని జవాబు వచ్చింది.

ఆగస్టు 27

రెండు వారాలు, నాలుగు పాసేజ్‌లు, అంటే సెల్స్‌ను నాలుగుసార్లు కొత్త ప్లేట్లలోకి మార్చాం. మా ఎఫ్‌జీఎఫ్-2 పోసిన కాలనీలు గుండ్రంగా, అంచు గీత గీసినట్టు ఉన్నాయి. లోపల సెల్స్ దగ్గరదగ్గరగా, పెద్ద న్యూక్లియస్‌లతో. స్టెమ్ సెల్స్‌కి గుర్తులైన ఆక్ట్4, నానాగ్ ప్రోటీన్ల రంగులు కొన్నదాని మీద పెంచిన ప్లేటులో ఎలా ఉన్నాయో ఇందులోనూ అలాగే వెలిగాయి. ఏప్రిల్‌లో ప్లేట్లు పారేసిన ఇంక్యుబేటర్‌లోనే, అదే అరలో ఇవి పెరుగుతున్నాయి.

మొత్తం 14 మిల్లీగ్రాములను మిల్లీలీటరుకి అర మిల్లీగ్రాము చొప్పున బీఎస్‌ఏతో కలిపి, 100 మైక్రోలీటర్ల చొప్పున పోసి, ద్రవ నైట్రోజన్‌లో ముంచి, మైనస్ 80లో పెట్టాం. 280 వయల్స్. ఒక్కో వయల్‌లో 50 మైక్రోగ్రాములు, అరలీటరు మీడియం సీసాకి సరిగ్గా ఒకటి. అంటే 140 లీటర్ల మీడియం. అన్న, నేను రెండు మధ్యాహ్నాలు కూర్చుని లేబుళ్లు అంటించాం.

పక్క ల్యాబ్‌లో రక్తనాళాల కణాల మీద పనిచేసే చెల్లి సాయంత్రం వచ్చి, "అన్నా, రెండు ఇస్తావా" అని అడిగింది. నాలుగిచ్చాను. లేబుల్ మీద చోటు చాలక మూత మీద కూడా రాశాను: బ్యాచ్ 3, 50 మైక్రోగ్రాములు, పరిశోధనకు మాత్రమే, బీఎస్‌ఏ లేకుండా పలచన చేయొద్దు, కరిగించాక మళ్లీ గడ్డకట్టించొద్దు.